అమెరికాలో పిల్లల మెడికేడ్, చిప్ మధ్యలో ఆగిపోకుండా చూసుకోవడం ఎలా? తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

మెడికేడ్ అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, చిప్ దానికి తోడుగా పిల్లల కోసం ఉన్నది. పిల్లల మెడికేడ్ ఆగిపోయిందంటే ఆదాయం పెరిగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు అసలు కారణం తిరిగి పంపని ఒక ఫారం. కోవిడ్ సమయంలో, 2020 మార్చి నుంచి, మెడికేడ్‌లో ఉన్నవాళ్లను తీసేయకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. అది 2023 మార్చి 31తో ముగిసింది. ఆ తర్వాత రాష్ట్రాలన్నీ అందరి అర్హతనూ మళ్లీ తనిఖీ చేశాయి. ఆ ఊపులో రెండున్నర కోట్లకు పైగా జనం కవరేజీ పోగొట్టుకున్నారు. వాళ్లలో దాదాపు 70 శాతం మంది విషయంలో అర్హత లేదని ఎవరూ తేల్చలేదు. ఫారం రాలేదు, ఉత్తరం వెనక్కి వచ్చింది, అడిగిన కాగితం అందలేదు, అంతే.

కాబట్టి ఈ మార్గదర్శిలో ఆదాయ పరిమితుల కన్నా ఉత్తరాలు, తేదీలు, సంతకాల గురించే ఎక్కువ ఉంటుంది. ఎఫ్-1 మీద చదువుకుంటూ ఇక్కడే బిడ్డను కన్నవాళ్లు, లేఆఫ్ అయిన హెచ్-1బి కుటుంబాలు, మోటెళ్లలో, గ్యాస్ స్టేషన్లలో, రెస్టారెంట్లలో పనిచేసేవాళ్లు, డెలివరీలు చేసుకునేవాళ్లు, వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మన కమ్యూనిటీలో ఇలాంటి కుటుంబాలు లేవన్నట్టు నటించడం వల్ల నష్టపోయేది పిల్లలే.

1. ముందు, మీ పిల్లల పేరు మీద ఏ కవరేజీ ఉందో తెలుసుకోండి

మెడికేడ్ 1965లో మొదలైంది. మెడికేడ్‌కు కాస్త ఎక్కువ, ప్రైవేటు బీమా కొనడానికి చాలా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లల కోసం 1997లో చిప్ వచ్చింది. రెండింటికీ కేంద్రం, రాష్ట్రాలు కలిసి డబ్బు పెడతాయి, నడిపేది మాత్రం రాష్ట్రం. అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు: కాలిఫోర్నియాలో మెడి-కాల్, న్యూజెర్సీలో ఎన్‌జే ఫ్యామిలీకేర్, జార్జియాలో పీచ్‌కేర్ ఫర్ కిడ్స్, ఇల్లినాయిలో ఆల్ కిడ్స్, వర్జీనియాలో ఫామిస్, న్యూయార్క్‌లో చైల్డ్ హెల్త్ ప్లస్.

దీనికి తోడు ఇంకో గందరగోళం ఉంది. మీ చేతిలో ఉండే కార్డు తరచూ ఒక ప్రైవేటు ప్లాన్‌ది. డాక్టర్ల జాబితా, ఐడీ కార్డు, రిఫరల్ లాంటివి ఆ ప్లాన్ చూస్తుంది. అర్హత తేల్చేదీ, ఏడాదికోసారి రెన్యువల్ చేసేదీ రాష్ట్ర ఏజెన్సీ. ప్లాన్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడ్రసు మార్పించుకుని, పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. రాష్ట్రం దగ్గర పాత అడ్రసు అలాగే ఉండిపోవచ్చు.

అందుకే ఈరోజే ఒక పని చేయండి. రాష్ట్ర పోర్టల్‌లో అకౌంట్ తెరిచి నాలుగు విషయాలు రాసిపెట్టుకోండి: కేస్ నంబరు, ఒక్కో పిల్లాడి మెంబర్ ఐడీ, ప్రోగ్రాం పేరు, రెన్యువల్ తేదీ. ఎక్కడ చూడాలో తెలియకపోతే 1-877-543-7669కి ఫోన్ చేయండి. ఇది పిల్లల కవరేజీ కోసం దేశమంతటికీ ఉన్న ఉచిత నంబరు, మిమ్మల్ని మీ రాష్ట్రానికి కలుపుతుంది. ఇంగ్లీషులో ఇబ్బందిగా ఉంటే మొదటి మాటగానే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి. ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఏర్పాటు చేయడం వాళ్ల బాధ్యత. లైనులో కాసేపు ఆగాల్సి రావచ్చు, అయినా అడగడం మానకండి. పదేళ్ల పిల్లాడితో ఆదాయ వివరాలు అనువాదం చేయించడం కన్నా అది ఎంతో నయం.

2. అర్హత పిల్లలది, వీసా మీది

అమెరికాలో పుట్టిన బిడ్డ అమెరికన్ పౌరుడు. తల్లిదండ్రులు ఏ వీసా మీద ఉన్నా, ఏ వీసా లేకపోయినా, ఆ బిడ్డ అర్హతను బిడ్డ పౌరసత్వం, కుటుంబ ఆదాయం, నివాసం బట్టే చూస్తారు. పిల్లల కోసం మాత్రమే అప్లై చేస్తున్నప్పుడు తల్లిదండ్రులు తమ ఇమిగ్రేషన్ వివరాలు ఇవ్వక్కర్లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చు. ఆదాయం మాత్రం చెప్పాల్సిందే. ఫారంలో "మీ కోసం కూడా అప్లై చేస్తున్నారా?" అనే ప్రశ్న దగ్గర, మీకు అవసరం లేకపోతే, స్పష్టంగా "కాదు" అని పెట్టండి.

ఇండియాలో పుట్టి హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద వచ్చిన పిల్లల విషయం వేరు. 2009 చట్టం ఇచ్చిన వెసులుబాటుతో చాలా రాష్ట్రాలు చట్టబద్ధంగా ఉంటున్న పిల్లలను ఐదేళ్ల నిరీక్షణ లేకుండా చేర్చుకుంటున్నాయి. కానీ అన్ని రాష్ట్రాలూ కాదు. పైగా 2025లో వచ్చిన కొత్త చట్టం వలసదారుల మెడికేడ్ అర్హతను 2026 అక్టోబరు 1 నుంచి బిగిస్తోంది. పౌరసత్వం లేని బిడ్డ అయితే పక్కింటివాళ్ల అనుభవం మీద ఆధారపడకుండా మీ రాష్ట్రాన్నే అడగండి.

ఆదాయ పరిమితి ఎంత? 2025 లెక్కల ప్రకారం నలుగురున్న కుటుంబానికి పేదరిక రేఖ ఏడాదికి 32,150 డాలర్లు, ముగ్గురికి 26,650. ఏ రాష్ట్రమైనా పిల్లలకు దీనిమీద కనీసం 133 శాతం దాకా మెడికేడ్ ఇవ్వాలి. లెక్కలో ఉండే 5 శాతం మినహాయింపు కలిపితే అది 138. చిప్ కలిస్తే హద్దు ఇంకా పైకి వెళ్తుంది: టెక్సస్‌లో 201 శాతం, న్యూజెర్సీలో 355, న్యూయార్క్‌లో 400. అంటే నలుగురున్న ఇంట్లో 70,000 డాలర్ల జీతానికి టెక్సస్‌లో పిల్లలకు మామూలుగా ఏమీ రాకపోవచ్చు, న్యూజెర్సీలో తేలిగ్గా రావచ్చు. "మాకు రాదులే" అని ముందే అనుకోకండి. పెద్దలకు రాకపోయినా పిల్లలకు వచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి.

లెక్కలో మనవాళ్లు తరచూ తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఊళ్లో అమ్మానాన్నలకు నెలనెలా పంపే డబ్బు ఆదాయంలోంచి తగ్గదు, ఎంత పంపినా సరే. 401కె (ఆఫీసు ద్వారా చేసే రిటైర్మెంటు పొదుపు), ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్సు ప్రీమియం లాంటివి పన్నుకు ముందే జీతంలోంచి పోతాయి కాబట్టి అవి తగ్గుతాయి. గ్రాస్ జీతం రాసేసి హద్దు దాటిపోయిన ఇళ్లున్నాయి. డెలివరీ, రైడ్ పనులు చేసేవాళ్లు చేతికొచ్చిన మొత్తం కాకుండా మైలేజీ, ఇతర ఖర్చులు పోను మిగిలింది చూపించాలి. విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉండి వెళ్లే తాతయ్య, అమ్మమ్మ మామూలుగా కుటుంబ సంఖ్యలోకి రారు. కుటుంబం ఎంతమంది అన్నది ప్రధానంగా ట్యాక్స్ రిటర్నులో ఎవరెవరున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. మెడికేడ్ చూసేది ప్రస్తుత నెల ఆదాయం. జనవరిలో బాగా సంపాదించి జూన్‌లో ఉద్యోగం పోతే, జూలైలో అప్లై చేసేటప్పుడు జనవరి జీతం అడ్డు రాదు.

3. గ్రీన్‌కార్డు భయం

ఈ ఒక్క టెన్షన్‌తో అర్హత ఉన్న పిల్లల్ని కూడా చేర్పించని ఇళ్లున్నాయి. ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారనిపించినవాళ్లకు గ్రీన్‌కార్డు నిరాకరించడానికి వాడేది పబ్లిక్ చార్జ్ నిబంధన. 2022 డిసెంబరు 23న అమల్లోకి వచ్చిన దాని రూపం ప్రకారం, పిల్లలు వాడుకున్న మెడికేడ్, చిప్ తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు దరఖాస్తులో వాళ్లకు వ్యతిరేకంగా లెక్కకు రావు. అయితే ఆ నిబంధనను రద్దు చేస్తామని హోంలాండ్ సెక్యూరిటీ శాఖ 2025 నవంబరులో ప్రతిపాదించింది. మెడికేడ్ వివరాలను ఇమిగ్రేషన్ అధికారులకు ఇవ్వడంపై అదే ఏడాది కోర్టు కేసులు కూడా నడిచాయి. కాబట్టి గ్రీన్‌కార్డు దరఖాస్తు దగ్గర్లో ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా స్టేటస్ సరిగా లేనివాళ్లు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగి నిర్ణయం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫార్వర్డు చూసి ఉన్న కవరేజీ రద్దు చేసుకోవడం మాత్రం తొందరపాటు. ఆస్తమా ఉన్న బిడ్డ ఇన్హేలర్‌కు ఆ నెల నుంచే జేబులోంచి పెట్టుకోవాల్సి వస్తుంది.

4. 12 నెలల హామీని గట్టిగా పట్టుకోండి

దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. 2023 ఆర్థిక సంవత్సరపు కేంద్ర వ్యయ చట్టం ప్రకారం, 2024 జనవరి 1 నుంచి అన్ని రాష్ట్రాలూ 19 ఏళ్లలోపు పిల్లలకు మెడికేడ్‌లో, చిప్‌లో వరసగా 12 నెలల కవరేజీ ఇచ్చి తీరాలి. అంతకుముందు అది రాష్ట్రాల ఇష్టం. ఇప్పుడు బిడ్డ ఒకసారి చేరితే, మధ్యలో మీ జీతం పెరిగినా, ఓవర్‌టైమ్ ఎక్కువ చేసినా, భార్యకు ఉద్యోగం వచ్చినా, ఆ 12 నెలలు నిండేదాకా బిడ్డను తీసేయకూడదు.

మినహాయింపులు కొన్నే. బిడ్డకు 19 ఏళ్లు నిండటం, రాష్ట్రం మారడం, మరణం, మీరే రద్దు చేయమని అడగడం, మొదట్లోనే ఏజెన్సీ పొరపాటు వల్లో తప్పుడు సమాచారం వల్లో అర్హత వచ్చినట్టు తేలడం. చిప్‌లో ఉన్న బిడ్డకు మెడికేడ్ అర్హత వస్తే అటు మారుస్తారు, అది కవరేజీ పోవడం కాదు.

వీటిలో జాగ్రత్తపడాల్సింది మీరే రద్దు చేయమని అడగడం గురించి. కొత్త ఉద్యోగం రాగానే నిజాయితీగా ఫోన్ చేసి "మాకిక అక్కర్లేదు, తీసేయండి" అని చెప్పేస్తారు. ఆఫీసు ఇన్సూరెన్సు చేరిన రోజే మొదలు కాకపోవచ్చు, చట్టం 90 రోజుల దాకా వెయిటింగ్‌కు ఒప్పుకుంటుంది. ఆ మధ్యలో పిల్లాడు సైకిల్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే బిల్లు మీ నెత్తినే. ఆదాయం మారిందని తెలియజేయమని రాష్ట్రం అడిగితే తెలియజేయండి, దాచొద్దు. ఆదాయం చెప్పడం వేరు, రద్దు చేయమనడం వేరు. ఆఫీసు కవరేజీ వచ్చాక కూడా మెడికేడ్ రెండో బీమాగా కొనసాగొచ్చు. ముందు ఆఫీసు బీమా కడుతుంది, మిగిలినది మెడికేడ్ చూసుకుంటుంది.

ఆదాయం తగ్గితే మాత్రం వెంటనే చెప్పండి. చిప్ ప్రీమియం తగ్గొచ్చు, లేదా బిడ్డ పూర్తిగా ఉచితమైన మెడికేడ్‌కు మారొచ్చు.

ఆరేళ్లదాకా ఆపకుండా కవరేజీ ఇచ్చే ప్రయోగాన్ని ఒరెగన్ 2022లో కేంద్రం అనుమతితో తెచ్చింది, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అలాంటి కొత్త అనుమతులు ఇకపై ఇవ్వబోమని, ఉన్నవాటిని పొడిగించబోమని కేంద్రం 2025 జూలైలో చెప్పింది. మీ రాష్ట్రంలో ఆ సౌకర్యం ఉంటే మంచిదే, కానీ అది ఎప్పటిదాకా నడుస్తుందో కనుక్కోండి. 2025 చట్టంలోని ఆర్నెల్ల తనిఖీ, పని నిబంధన గురించి కూడా ఫోన్లు వస్తున్నాయి. ఆ రెండూ ఏసీఏ (ఒబామాకేర్ చట్టం) కింద రాష్ట్రాలు మెడికేడ్‌ను విస్తరించినప్పుడు చేరిన పెద్దలకు సంబంధించినవి. పిల్లల రెన్యువల్ ఏడాదికోసారే. తండ్రి పని నిబంధన వల్ల తన కవరేజీ పోగొట్టుకున్నా బిడ్డది పోకూడదు.

5. ఉత్తరం మీ చేతికి చేరేలా చూసుకోండి

మనవాళ్ల ఇళ్లలో ఉత్తరాలు పోవడానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి. సబ్‌లీజులో ఉంటాం, లీజు మీద, మెయిల్‌బాక్సు మీద ఇంకొకరి పేరుంటుంది. ఫ్రెండు ఇంటి అడ్రసు ఇచ్చి ఉంటాం, ఆ ఫ్రెండు డాలస్ వెళ్లిపోతాడు. ఉత్తరం బిడ్డ పేరు మీద వస్తుంది, ఆ పేరు బాక్సు మీద లేదని పోస్ట్‌మ్యాన్ వెనక్కి పంపేస్తాడు. మెయిల్‌బాక్సు లోపల మీ ఇంట్లో అందరి ఇంటిపేర్లతో ఒక చీటీ అతికించండి. చిన్న పనే, కానీ చాలా కేసులు అక్కడే ఆగిపోతాయి.

ఇల్లు మారితే రాష్ట్ర ఏజెన్సీకి, ప్లాన్‌కు, పోస్టాఫీసుకు మూడు చోట్లా వేర్వేరుగా చెప్పండి. పోస్టాఫీసు ఫార్వర్డింగ్ ఒక్కదాన్నే నమ్మకండి, కొన్ని ప్రభుత్వ కవర్లు ఫార్వర్డు కావు. పోర్టల్‌లో టెక్స్ట్, ఈమెయిల్ అలర్టులు ఆన్ చేసి, ఫోన్ నంబరు మారితే అదీ అప్‌డేట్ చేయండి. తర్వాత కేలండర్‌లో రెన్యువల్ తేదీకి మూడు నెలల ముందు ఒక రిమైండర్, ప్రతి నెలా ఒకటో తేదీన పోర్టల్ చూడమని ఇంకొకటి పెట్టుకోండి. భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.

మెడికేడ్ రెన్యువల్‌కు ఎవరూ డబ్బు తీసుకోరు. "ఫీజు కట్టకపోతే మీ పిల్లల కార్డు రద్దవుతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. చిప్‌లో కొన్ని రాష్ట్రాల్లో నిజంగానే ప్రీమియం లేదా చేరిక రుసుము ఉంటుంది. టెక్సస్‌లో ఏడాదికి కుటుంబం మొత్తానికి 50 డాలర్లు లేదా అంతకన్నా తక్కువ. అలాంటివి రాష్ట్ర పోర్టల్‌లోనే కట్టాలి, ఫోన్లో కార్డు నంబరు చెప్పి కాదు.

6. రెన్యువల్ ఫారం

రాష్ట్రం ముందు తన దగ్గరున్న జీతాల రికార్డులు, ఇతర సమాచారంతో తనంతట తానే రెన్యువల్ చేయగలదేమో చూడాలి. అలా కుదిరితే "మీ బిడ్డ కవరేజీ కొనసాగుతోంది" అని నోటీసు వస్తుంది. దాన్ని చదవకుండా పక్కన పడేయకండి. అందులో రాసిన ఆదాయం, కుటుంబ సంఖ్య తప్పుగా ఉంటే చెప్పాలి. సరిగ్గా ఉంటే ఏమీ చేయక్కర్లేదు.

కుదరకపోతే తెలిసిన వివరాలు నింపిన ఫారం పంపుతుంది. నింపి తిరిగి పంపడానికి కనీసం 30 రోజులు గడువివ్వాలి. ఆన్‌లైన్లో, ఫోన్లో, పోస్టులో, నేరుగా ఆఫీసులో, ఎలాగైనా ఇవ్వొచ్చు. నా సలహా ఆన్‌లైన్, ఎందుకంటే కన్ఫర్మేషన్ నంబరు వెంటనే వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవచ్చు. పోస్టులో పంపితే ఫారం ప్రతి పేజీ ఫొటో తీసి, రశీదు వచ్చే పద్ధతిలో పంపండి. ఫోన్లో ఇస్తే మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, టైమ్ రాసుకోండి.

ఫారం మీద మార్పేమీ లేకపోయినా సంతకం పెట్టి పంపాలి. "ఏమీ మారలేదు కదా" అని ఫారం పంపకుండా వదిలేయడం, అన్నీ నింపి సంతకం మరచిపోవడం, ఈ రెండింటివల్లా పోయినన్ని కవరేజీలు ఆదాయం పెరిగి పోవు. ఫారం పంపాక కూడా పని అయిపోయిందనుకోకండి. కొన్ని వారాల్లో "ఈ కాగితం కూడా పంపండి" అని ఇంకో ఉత్తరం రావచ్చు. దాని గడువు మరీ తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో పోర్టల్ వారానికోసారైనా చూడండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి: గత 30 రోజుల పే స్టబ్‌లు (జీతం చీటీలు), లేఆఫ్ అయితే ఉద్యోగం ముగిసిన తేదీ ఉన్న లెటరు, సొంత పనైతే ఖర్చులతో సహా నెలవారీ లెక్క, లీజు లేదా కరెంటు బిల్లు, బిడ్డ బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు.

బర్త్ సర్టిఫికెట్ అన్నాను కాబట్టి పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఆసుపత్రిలో బిడ్డకు ఇంటిపేరు లాస్ట్ నేమ్‌గా రాయించి, మెడికేడ్ అప్లికేషన్‌లో తండ్రి పేరు లాస్ట్ నేమ్‌గా రాస్తారు. లేదా పొడవాటి పేరు ఒకచోట రెండు ముక్కలుగా, ఇంకోచోట కలిపి ఉంటుంది. రాష్ట్రం కంప్యూటర్ సోషల్ సెక్యూరిటీ రికార్డుతో పోల్చి చూసినప్పుడు మ్యాచ్ కాదు, కేసు పెండింగ్‌లో పడుతుంది. ఫారంలో బిడ్డ పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. మ్యాచ్ కాలేదని పౌరసత్వ రుజువు అడిగితే కంగారు పడొద్దు. మిగతా అర్హత ఉంటే, రుజువు తెచ్చుకోవడానికి 90 రోజులిస్తూ ఈలోపు కవరేజీ ఇవ్వాలి.

ఇంకొకటి. అమ్మానాన్నలకు అర్హత లేదని వచ్చిన నోటీసు చూసి పిల్లలదీ పోయిందని వదిలేయకండి. ఒక్కొక్కరి అర్హత విడిగా చూడాలన్నది చట్టం. 2023లో చాలా రాష్ట్రాల కంప్యూటర్లు ఇంటి మొత్తాన్ని కలిపి చూసి, పిల్లల్నీ తీసేశాయి. ఆ సెప్టెంబరులో కేంద్రం 29 రాష్ట్రాల్లో, వాషింగ్టన్ డీసీలో ఈ తప్పు జరిగిందని ప్రకటించి, దాదాపు 5 లక్షల మందికి కవరేజీ తిరిగి ఇప్పించింది. వాళ్లలో చాలామంది పిల్లలే. నోటీసులో ఎవరి పేరు మీద ఏం రాశారో వరసగా చదవండి. బిడ్డ పేరు పక్కన కారణం లేకపోతే ఫోన్ చేసి అడగండి.

7. దారిలో వచ్చే మలుపులు

మొదటి పుట్టినరోజు: కాన్పు నాటికి తల్లికి మెడికేడ్ ఉంటే, ఎమర్జెన్సీ మెడికేడ్ అయినా సరే, బిడ్డకు ఏడాది నిండేదాకా విడిగా అప్లికేషన్ లేకుండానే కవరేజీ ఉంటుంది. ఏడాది నిండాక బిడ్డ అర్హతను మొదటిసారి విడిగా చూస్తారు. కేకు ఆర్డరు చేసే రోజుల్లోనే ఆ ఫారం వస్తుంది. పైగా వయసుతో పాటు హద్దు మారుతుంది. టెక్సస్‌లో ఏడాదిలోపు బిడ్డకు మెడికేడ్ హద్దు 198 శాతం, 1 నుంచి 5 ఏళ్లకు 144, 6 నుంచి 18కి 133. మెడికేడ్ దాటినవాళ్లు చిప్‌లోకి వెళ్తారు. అలా మారినప్పుడు ప్లాన్ ఎంచుకోవడం, రుసుము కట్టడం లాంటి కొత్త పనులుంటాయి. వాటిని పట్టించుకోకపోతే బిడ్డ రెండింటికీ మధ్య ఉండిపోతుంది.

రాష్ట్రం మారడం: ప్రాజెక్టు కోసం న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కు వెళ్తే 12 నెలల హామీ అక్కడితో ఆగిపోతుంది. కొత్త రాష్ట్రంలో ఇన్నాళ్లు ఉండాలన్న షరతు పెట్టకూడదు కాబట్టి, చేరిన వారంలోనే అప్లై చేయండి. లీజు లేకపోతే ఆఫర్ లెటరు చూపించొచ్చు. పాత రాష్ట్రానికి మారిన తేదీ చెప్పి కేసు మూసేయమనండి. అది తెరిచి ఉంటే కొత్త రాష్ట్రంలో పని ఆలస్యం కావచ్చు. పిల్లల మందులు ఒక నెలకు సరిపడా ముందే తీసుకోండి.

ఇండియా ప్రయాణం: సెలవులకు వెళ్లి తిరిగి వచ్చేవాళ్లను తాత్కాలికంగా లేరన్న కారణంతో తీసేయకూడదు. కానీ ఉత్తరాలు ఆగవు. వెళ్లే ముందు రెన్యువల్ తేదీ చూసుకుని, మెయిల్ చూసేందుకు నమ్మకమైన వాళ్లను పెట్టండి. మెడికేడ్ ఇండియాలో పనిచేయదు, అక్కడి ఆసుపత్రి ఖర్చంతా మీదే. బిడ్డను అమ్మమ్మ దగ్గర ఏడాదో రెండేళ్లో వదిలి వస్తున్నారంటే అది సెలవు కాదు. బిడ్డ ఈ రాష్ట్రంలో ఉంటున్నట్టు ఫారంలో రాయకూడదు. తిరిగి వచ్చాక కొత్తగా అప్లై చేసుకోవాలి.

రెన్యువల్‌లో ఆదాయం నిజంగానే హద్దు దాటితే: మెడికేడ్ లేదా చిప్ పోయిన రోజు నుంచి 60 రోజుల్లోపు బిడ్డను ఆఫీసు ఇన్సూరెన్సులో చేర్చమని అడిగే హక్కు ఉంది. మామూలుగా వేరే కవరేజీ పోతే అది 30 రోజులే, అందుకే కొందరు హెచ్‌ఆర్‌వాళ్లు పొరపాటున 30 అనేస్తారు. చిప్, మెడికేడ్‌కు 60 అని గట్టిగా చెప్పండి. ఆఫీసులో లేకపోతే మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ వేదిక) ప్రత్యేక చేరిక అడగండి.

8. అయినా ఆగిపోతే

సాధారణంగా ఈ సంగతి ఫార్మసీ కౌంటర్ దగ్గరో, డాక్టర్ రిసెప్షన్‌లోనో తెలుస్తుంది. అప్పుడు రాష్ట్రానికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: ఏ తేదీ నుంచి ఆగింది, ఏ కారణం రాశారు?

ఫారం రాలేదనో, కాగితం అందలేదనో అయితే, ఆగిన తేదీ నుంచి 90 రోజుల్లోపు అవి ఇస్తే చాలు, కొత్త అప్లికేషన్ లేకుండానే మళ్లీ చూడాలి. కొత్తగా అప్లై చేయమని ఫోన్లో చెప్పినా "రీకన్సిడరేషన్ పీరియడ్" అని అడగండి. 90 దాటితే కొత్త అప్లికేషన్ తప్పదు, దాని మీద మామూలుగా 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. మెడికేడ్‌లో అయితే అప్లై చేసిన నెలకు ముందు మూడు నెలల బిల్లులకు కూడా, అప్పుడు అర్హత ఉంటే, కవరేజీ అడగొచ్చు. 2027 జనవరి 1 నుంచి పిల్లలకు అది రెండు నెలలకు తగ్గుతోంది. కాబట్టి ఈ మధ్యలో వచ్చిన బిల్లులు తొందరపడి కార్డు మీద కట్టేయకండి. క్లినిక్‌కు ఫోన్ చేసి "మెడికేడ్ రెన్యువల్ నడుస్తోంది, బిల్లు ఆపి తర్వాత వాళ్లకు పంపండి" అనండి.

కారణమే తప్పనిపిస్తే, ఉదాహరణకు 12 నెలలు నిండకుండానే ఆదాయం పెరిగిందని తీసేస్తే, ఫెయిర్ హియరింగ్ (రాష్ట్ర నిర్ణయం మీద అప్పీలు విచారణ) అడగండి. మెడికేడ్‌లో ఆపడానికి కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందులో రాసిన తేదీ రాకముందే అడిగితే, తీర్పు వచ్చేదాకా కవరేజీ కొనసాగించమని కోరొచ్చు. ఓడిపోతే ఆ ఖర్చు వెనక్కి అడిగే అవకాశం ఉంది, అది తెలిసి నిర్ణయించుకోండి. దగ్గర్లోని లీగల్ ఎయిడ్ ఆఫీసులు ఇలాంటి కేసులు ఉచితంగా చూస్తాయి.

ఈలోపు బిడ్డ వైద్యం ఆపకండి. టీకాలకు ఇన్సూరెన్సు లేని 19 ఏళ్లలోపు పిల్లల కోసం 'వ్యాక్సీన్స్ ఫర్ చిల్డ్రన్' కార్యక్రమం ఉంది, టీకా మందుకు డబ్బు తీసుకోరు. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి. అక్కడే ఫారాలు నింపడంలో సాయం చేసేవాళ్లు కూడా ఉంటారు.

9. 19 ఏళ్లు నిండే ముందు

పద్దెనిమిదో పుట్టినరోజు దాటగానే ఆలోచించాల్సింది ఇదే. 19 నిండితే చిప్ ముగుస్తుంది, మెడికేడ్‌లో పెద్దల నిబంధనలు మొదలవుతాయి. మెడికేడ్‌ను విస్తరించని టెక్సస్, జార్జియా లాంటి రాష్ట్రాల్లో పిల్లలు లేని యువకులకు దారి చాలా ఇరుకు. ఆ పుట్టినరోజుకు ముందే కళ్లు, పళ్లు చూపించేయండి. పెండింగ్‌లో ఉన్న స్పెషలిస్టు అపాయింట్‌మెంట్లు, టీకాలు పూర్తి చేయండి. తర్వాత మూడు దారులున్నాయి. మీ ఆఫీసు ప్లాన్‌లో 26 ఏళ్లదాకా ఉంచొచ్చు, యూనివర్సిటీ ప్లాన్‌లో చేర్చొచ్చు, లేదా మార్కెట్‌ప్లేస్‌లో కొనొచ్చు. వీటిలో ఏదో పుట్టినరోజుకు రెండు నెలల ముందే తేల్చుకుని, మెడికేడ్ ఆగిన మర్నాటి నుంచే అది మొదలయ్యేలా తేదీ అడిగి రాయించుకోండి.